చూడలే

మార్చి ముప్ఫై ఒకటో తేదీ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పాల్మాకుల పాలకేంద్రంలో కరెంటు మీటరు చదివారు. వచ్చిన పాలు అన్న గడిలో సున్నా ఉంది. ఖర్చయిన కరెంటు అన్న గడిలో సున్నా లేదు. చివరి గడి పేరు 'చదివినవారు'. అందులో వ.ల. అని ఉంది.

వ.ల. అంటే వసంతలక్ష్మి, నా భార్య. ఆ తేదీకి ఆమె పోయి ఆరు నెలలు దాటింది.

కాగితం వచ్చిన కవరు మీద మా కూకట్‌పల్లి చిరునామా ఆమె చేతిరాతలోనే ఉంది. అలాంటి కవర్లు నెలకొకటి వస్తూనే ఉన్నాయి. మొదటిది ఆమె పదకొండో రోజున వచ్చింది. ఆఫీసువాళ్ళెవరో పాత కాగితాలు పంపుతున్నారనుకున్నాను. డెన్మార్క్‌లో ఆమెతో కలిసి పనిచేసిన కిర్‌స్టెన్ అడిగితే, ఇంటర్నెట్ సెంటరులో స్కాన్ చేయించి పంపేవాడిని. చదివేవాడిని కాదు. ఆమె అంకెలు చూసే స్థితిలో లేను.

వాళ్ళిద్దరి పని ఏమిటో చెప్పాలి. ఒక లీటరు పాలను చల్లబరిచి, కాచి, ప్యాకెట్టులో పోసేలోపు భూమిని వేడెక్కించే వాయువులు ఎన్ని గాలిలోకి పోతాయో అక్కడా ఇక్కడా కొలిచి పోల్చడం. డెన్మార్క్ వైపు కిర్‌స్టెన్ చూసేది. మన వైపు కొన్ని కేంద్రాలను వసంత చూసేది, వాటిలో ఏడాది పొడవునా రోజూ కొలిచినది పాల్మాకుల ఒక్కటే. కిర్‌స్టెన్ పంపిన ఫారంలో జనరేటరు గడి లేదు. వాళ్ళకు కరెంటు పోదు. వసంత స్కేలు పెట్టి ఆ గడి తనే గీసింది.

2012 ఏప్రిల్‌లో కిర్‌స్టెన్ నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగా, సూటిగా రాసింది. జనవరి నుంచి పాలు లేవు, మరి కరెంటు దేనికి ఖర్చవుతోంది? వసంత లేదు, మరి వసంత పేరుతో చదువుతున్నది ఎవరు? ఫిబ్రవరిలో మూడు వరసల్లో అంకెలకు బదులు తెలుగు మాట ఒకటి ఉంది, దాని అర్థమేమిటి? వీటికి జవాబు రాకపోతే పాల్మాకుల కాగితాలన్నీ పక్కన పెట్టాల్సి వస్తుందని రాసింది. అన్నీ అంటే వసంత బతికుండగా రాసినవి కూడా. ఎక్కడ ఆమె చెయ్యి ఆగిందో, ఎక్కడ ఇంకొకరి చెయ్యి మొదలైందో తనకు తెలియడం లేదట.

నాకూ తెలియలేదు. ఆ రాత్రి పద్నాలుగు నెలల కాగితాలు నేలమీద పరిచాను. వసంత మొదట్లో ఏడు అంకె అందరిలాగే రాసేది. కిర్‌స్టెన్ దాన్ని ఒకటి అనుకుని పాల్మాకుల కంటే ముందు చూసిన కేంద్రంలో ఒక నెల లెక్కంతా తప్పాక, డెన్మార్క్ వాళ్ళలాగా ఏడు నడుము మీద అడ్డగీత గీయడం అలవాటు చేసుకుంది. ప్రతి కాగితంలోనూ ప్రతి ఏడుకూ ఆ గీత ఉంది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని. ఏ ఏడు ఆమెదో చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి ఎనిమిది, తొమ్మిది, పది తేదీల్లో ఉన్న మాట 'చూడలే'. మా తెనాలి వైపు ఆ మాట అక్కడ ఆగదు. చూడలేను అనో, చూడలేక అనో పూర్తవుతుంది. మూడు రోజులు వరసగా చూడలే. పక్కన వ.ల. రెండు వారాలు నేను ఆ మాటను ఎవరికీ చెప్పకుండా దగ్గర పెట్టుకున్నాను. తర్వాత బయలుదేరాను.

మా ఇంటి నుంచి పాల్మాకులకు నలభై కిలోమీటర్లు ఉంటుందేమో. దీన్ని యాత్ర అనడం పెద్ద మాటే. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఆ దిక్కుకు ఎప్పుడూ పోలేదు, ఎయిర్‌పోర్టుకు తప్ప.

ఆరాంఘర్

బస్సు మారడానికి ఆరాంఘర్‌లో దిగాను. సాయంత్రం నాలుగు. చౌరస్తా పక్కన హోటల్లో టీ ఎనిమిది రూపాయలు. అడగకుండానే సాసరులో రెండు ఉస్మానియా బిస్కట్లు పెట్టారు, తిన్నదానికే లెక్క. మా వైపు అలా ముందే పెట్టరు. ఎదుటి కుర్చీలో కూర్చున్నాయన నా చేతిసంచీ చూసి నవ్వాడు.

"ఎయిర్‌పోర్టుకా సార్? గింత చిన్న సంచేసుకొని ఏ దేశం పోతున్నరు?"

"పాల్మాకుల. పాలకేంద్రానికి."

"పాలకేంద్రం!" పక్కవాడికి వినిపించేలా అన్నాడు. "మీది ఆంధ్రనా?"

"తెనాలి దగ్గర."

"గందుకే. గీడ డేరీ అనాలె. పాలకేంద్రమంటె ఎవలు తోవ చెప్పరు." టీ చివరి గుక్క తాగాడు. "గా డేరీల ఇప్పుడేమున్నది సార్? మా బామ్మర్ది గాడికే పాలు పోస్తుండె. బర్లమ్ముకున్నడు. గిప్పుడు ఎయిర్‌పోర్టుల ట్రాలీలు నూకుతడు."

"అక్కడ ఎవరూ లేరా?"

"మిషినైతె నడుస్తది. ఎవలికోసం నడుస్తదో ఆ దేవునికెరుక." బిస్కట్ ముక్క నోట్లో వేసుకున్నాడు. "మా బామ్మర్ది పొద్దుగాల డ్యూటీకి అటుకెల్లే పోతడు. సప్పుడు ఇనొస్తదట. పాలు లేవు, క్యాన్లు లేవు, సప్పుడొక్కటుంటదట."

శంషాబాద్

బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. కౌంటరు దగ్గరి మనిషి రిజిస్టరు తెరుస్తూ, "ఫ్లైట్ మిస్సయిందా సార్?" అన్నాడు. కాదన్నాను. "మరి లేటా?" అన్నాడు. శంషాబాద్‌లో గది తీసుకునేవాడికి ఇంకో కారణం ఉంటుందని అతను అనుకోలేదు. చివరికి 'ఫ్లైట్' అనే రాసుకున్నాడు.

గది కిటికీ పొలాల వైపు ఉంది. పొలాలు అని అలవాటుగా అన్నాను. అవి వెంచర్లు. ఎర్రమట్టి చదును చేసి హద్దురాళ్ళు పాతారు, తారురోడ్లు వేశారు, మూలమూలకు దీపస్తంభాలు నిలబెట్టారు. ఇళ్ళు లేవు. ఒక్క మనిషి లేడు. ఆరున్నరకు ఆ దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఎవరూ నడవని రోడ్లు ఎంత దూరమైనా శుభ్రంగా కనిపించాయి. పది నిమిషాలకోసారి విమానం దిగుతుంటే టేబుల్ మీది గ్లాసులో నీళ్ళు వణికేవి. ఆ శబ్దం పోయాక ఉండే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు, ఏదో ఆపేసినట్టుండేది.

వసంత మూడు వారాలు డెన్మార్క్ వెళ్ళివచ్చాక చెప్పిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. అక్కడి పాల ఫ్యాక్టరీలో మనిషి కనిపించడట. పాలు గొట్టాల్లో వస్తాయి, గొట్టాల్లో పోతాయి. మీటర్ల అంకెలు తీగ ద్వారా కంప్యూటరుకు వాటంతటవే చేరతాయి. పాలను చల్లబరిచేటప్పుడు బయటికొచ్చే వేడిని వృథా చేయకుండా ఊళ్ళో ఇళ్ళు వెచ్చబెట్టడానికి వాడతారు. "అన్నీ బాగున్నాయండీ. కానీ ఒక్కదాన్నే నడుస్తుంటే భయమేసింది," అంది. అప్పుడు నవ్వాను.

ఉదయం అయిదింటికి ఫోన్ చేసి లేపమని కౌంటరులో చెప్పి పడుకున్నాను.

పాల్మాకుల, ఆరూ ఇరవై అయిదు

ఎవరూ లేపలేదు. కరెంటు పోయి లాడ్జి ఫోన్లు పనిచేయలేదు. నాకు నేనుగా లేచేసరికి ఆరు కావస్తోంది. ఆటో అతను నూట ఇరవై అడిగాడు, బేరమాడే సమయం లేదు. బెంగళూరు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగి, గేటు ముందు దిగేటప్పటికి ఆరూ ఇరవై అయిదు.

కేంద్రం పొడవాటి రేకుల షెడ్డు, దాని చివర తెల్లటి చలువగది. అల్యూమినియం క్యాన్లు గోడవారగా బోర్లించి ఉన్నాయి. ప్రతి క్యాను మీదా రైతు నంబరు ఎర్రరంగుతో రాసి ఉంది. వాటి మీద దుమ్ము పేరుకుంది. షెడ్డంతా పాల వాసన లేదు, తడి సిమెంటు వాసన. చలువగది వెనక నుంచి మోటారు శబ్దం సన్నగా, ఎడతెగకుండా వస్తోంది. ఆ వెనక గోడకు వేడిగాలి కొట్టే చోట తాడు కట్టి ఎవరో తువ్వాలు ఆరేశారు. డెన్మార్క్‌లో ఊరిని వెచ్చబెట్టే వేడి ఇక్కడ ఒక తువ్వాలను ఆరబెడుతోంది.

తువ్వాలు మనిషి బయటికి వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి, "భూమి చూడనీకొచ్చిండ్రా సారు?" అన్నాడు.

"కాదు. మల్లేశం గారంటే..." కేంద్రం చూసుకునే మనిషి పేరు అదని వసంత ఎప్పుడో చెప్పింది.

"గారు గీరు ఎందుకు సారు. నేనే."

"వసంతలక్ష్మి ఇంటి నుంచి వచ్చాను." భర్తను అన్న మాట నోటికి రాలేదు.

అతను కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచాడు. "మేడం పంపిందా?" అన్నాడు.

నేను కూర్చున్నాను. మీటరు పక్కన మేకుకు అట్ట వేలాడుతోంది, దానికి ఏప్రిల్ కాగితం, దారంతో పెన్సిలు. ఆ రోజు వరస అప్పటికే నిండి ఉంది. సమయం ఆరూ పది. అడ్డగీత ఉన్న ఏడు ఒకటి. చలువగదిలో వేడి నాలుగు డిగ్రీలు. జనరేటరు నలభై నిమిషాలు. వ.ల.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే."

"చివర ఈ అక్షరాలు?"

"మేడం రాసిచ్చిన తీర్గనే రాస్త." గోడ అలమారులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఒక కాగితం, దాని మీద ఒకే వరస. మొదటి రోజు అతనికి నేర్పడానికి వసంత నింపి ఇచ్చిన నమూనా. ఆరూ పది, అంకెలు, వ.ల. "గీ లైను ఎట్లున్నదో గట్లనె రాయి మల్లేశం, ఒక్క గడి గూడ ఇడిచిపెట్టకు అన్నది. ఏడు గిట్ల రాయమన్నది, నడుముకు గీత పెట్టి. నేను అయిదు దాక చదివిన సారు. అంకెలు మల్ల మేడం దగ్గరనే నేర్చుకున్న."

"వ.ల. అంటే ఆవిడ పేరు."

"పేరా?" కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. తర్వాత నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "యూనిట్లకు యూ అని రాస్తం గద. వల అంటె గూడ కరెంటుదే ఏందో అనుకున్న. ఎన్ని దినాల సంది రాస్తున్ననో!"

"ఆరూ పది కూడా అందుకేనా?"

"అండ్ల ఆరూ పది ఉన్నది. ఏడింటికి చూస్తె లెక్క తప్పదా?"

మొదటి రోజు ఆమె ఆ సమయానికి వచ్చింది కనక ఆ సమయం వేసింది, అంతే. ఆ సంగతి అతనికి చెప్పలేదు. సంచీలోంచి ఫిబ్రవరి కాగితం తీసి మూడు వరసలు చూపించాను.

"ఇది?"

"చూడలే."

"ఎందుకు చూడలేకపోయారు? కళ్ళు బాగాలేవా?"

"కండ్లకేమైంది సారు?" అతను వింతగా చూశాడు. "మేడారం జాతరకు పోయిన, మొక్కుండె. మూడొద్దులు చూడలే." నేనింకా అర్థం కానట్టు ఉన్నానేమో, నిదానంగా, పసివాడికి చెప్పినట్టు చెప్పాడు. "మీరు చూడలేదు అంటరు. మేము చూడలే అంటం. చూడనిది చూసినని ఎట్ల రాస్త?"

రెండు వారాలు నా దగ్గర పెట్టుకున్న మాట అది. ఒక్క అక్షరం తక్కువైనందుకు దాన్ని ఎక్కడికో తీసుకుపోయాను. ఊరట కలగాలి. కలిగింది కూడా. దాని కింద ఇంకేదో ఉంది, అది ఊరట కాదు.

మళ్ళీ కాగితం చూశాను. జాతర తర్వాతి రోజు వరసలో చలువగది వేడి ఆరు అని ఉంది. మిగతా నెలంతా నాలుగే. "ఈ రోజు తలుపు తెరిచారా?"

అతని నవ్వు పోయింది. "ఆ దినం పొద్దుగాల వచ్చి చూస్తె లోపట బుగ్గ వెలుగుతుండె. తలుపు సందుల కెల్లి కనవడ్డది. తాళపుచెయ్యి నా మొలతాడుకే ఉండె. తీసి చూసిన. ఎవలు లేరు."

"పోయే ముందు బల్బు ఆర్పడం మరిచిపోయి ఉంటారు."

"నేను గూడ గట్లనె అనుకున్న," అన్నాడు. అనుకున్నవాడి గొంతు కాదు. "ఎందుకంటె సారు, ఆరు ఎప్పుడు వస్తుండె? మేడం వచ్చిన దినమే వస్తుండె. తలుపు తీస్తది, లోపటికి పోతది, గోడలు పట్టి చూస్తది, గ్యాసు కారుతున్నదా అని పైపులకు సబ్బునీళ్ళు రాస్తది. ఆమె బయటికొచ్చెవరకు నాలుగున్నది ఆరైతది. ఆమె రాని దినం నాలుగే."

హిమాయత్ సాగర్

కేంద్రం యజమాని అనసూయమ్మ. పొలం కొంత అమ్మాక ఆ కుటుంబం హిమాయత్ సాగర్ దగ్గర, రింగురోడ్డు కనిపించే చోట ఇల్లు కట్టుకుంది. మల్లేశం ఫోన్ చేసి చెప్పాడు కనక భోజనం వేళకు నా కోసం చూస్తున్నారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర. పచ్చిపులుసు కాచరని నాకు తెలియదు. చల్లగా ఉందని పక్కన పెడితే ఆవిడ నవ్వింది. "పొయ్యి ఎక్కని పులుసు సారు అది. దానికి పొయ్యి ఖర్చు లేదు, రాసుకోండ్రి."

తర్వాత టీ ఇస్తూ, "ప్యాకెట్ పాలే," అంది. "ఏమనుకోకుండ్రి. ఒకప్పుడు మా ఇంట్ల పాలు పారవోసెటోల్లం."

"కేంద్రం ఎందుకు మూశారు?"

"మేము మూయలే. పాలే రాలే. భూములన్ని ప్లాట్లయినయి, బర్లు ఏడ మేస్తయి? తారురోడ్డు మీద మేస్తయా? సంక్రాంతి కెల్లి ఒక్క క్యాను రాలే."

"మరి మిషను?"

"ఆపితె తుప్పు వడ్తది. నడుస్తున్న మిషినైతెనే గిరాకి వస్తది. గిరాకి వచ్చెదాక నడవనీ అని మల్లేశంకు చెప్పిన." కిటికీలోంచి చెరువు వైపు చూసింది. వేసవికి నీళ్ళు బాగా వెనక్కిపోయి, మట్టి పగుళ్ళు కనిపిస్తున్నాయి. "ఇంతకు మీ లెక్కల ఏం తేలింది? మన పాలు మంచియా, గా దేశం పాలు మంచియా?"

"పాలు కాదమ్మా. లీటరుకు ఎంత పొగ అని."

"మా మిషినుకు పొగేడిది?"

"దాన్ని నడిపే కరెంటులో చాలావరకు బొగ్గు కాలిస్తే వచ్చేదే. కరెంటు పోతే డీజిలు. అక్కడ కొంత గాలిమరలతో తీస్తారు."

ఆవిడ చప్పున పట్టుకుంది. "అంటె పాలు ఈడ, పొగ ఇంకేడనో."

"అంతే."

"గిప్పుడు పాలు గూడ లేవు. పొగ ఒక్కటే ఉన్నదన్నట్టు." నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

కరెంటు బిల్లులు తెచ్చి ముందు పెట్టింది. బిల్లు కొట్టినవాడు ఏ తేదీన ఏ అంకె చూశాడో, మల్లేశం కాగితంలో అదే తేదీకి ఉన్న అంకెతో పోల్చాను. పద్నాలుగు నెలలూ సరిపోయాయి, బిల్లువాడు పగలు వస్తాడు కనక ఒకటి రెండు యూనిట్ల తేడాతో. అయినా అది నెలకొక రోజుకే రుజువు. మిగతా రోజుల్లో అతను నిజంగా మీటరు ముందు నిలబడ్డాడా, ఇంట్లో కూర్చుని పూరించాడా అన్నది కిర్‌స్టెన్ అడుగుతుంది. నేనూ అడుగుతున్నాను.

లేవబోతుంటే అనసూయమ్మ అంది. "మల్లేశం మేడం మేడం అంటడు, మీరేమనుకోకుండ్రి. ఆమె పోయిన ముచ్చట వానికెరుకే. దసరా ముంగట పాల వ్యాను డ్రైవరు చెప్పిండు. రెండొద్దులు అన్నం తినలే."

"తెలిసీ ఎందుకు రాస్తున్నాడు?"

"నేను గదే అడిగిన. బంద్ చెయ్యమని ఆమె చెప్పలే గద అన్నడు."

చీకటి పడేలోపు లాడ్జికి వచ్చాను. మంచం మీద కాగితాలు పరిచి, ఆరు ఉన్న రోజులన్నిటికీ పెన్సిలుతో చుక్క పెట్టాను. మంగళవారాలు, శుక్రవారాలు. ఆమె పాల్మాకుల వెళ్ళే రోజులు అవే. నిరుడు మే నెలలో ఒక శుక్రవారం నాలుగు ఉంది. నాకు జ్వరమని ఆమె ఇంట్లో ఉండిపోయిన రోజది. చేతిరాతలో దొరకని మనిషి వేడిలో దొరికింది. చివరి చుక్క సెప్టెంబరు తొమ్మిదిన పడింది. పదో తేదీ నుంచి నాలుగు, నాలుగు, నాలుగు. ఇంట్లో కూర్చుని పూరించేవాడికి రెండు డిగ్రీలు పెంచాలని తోచదు.

ఫిబ్రవరి పదకొండుకు చుక్క పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మూడు రోజులు జనరేటరు వేసే మనిషి లేడు, గది వేడెక్కి ఉంటుంది. బుగ్గ ఆర్పడం మరిచి ఉంటాడు. ఇవి సరైన కారణాలు. చుక్క పెట్టలేదు. ఆ గడి ఇప్పటికీ అలాగే ఉంది.

పాల్మాకుల, ఆరూ పది

మరునాడు ఎవరినీ లేపమనలేదు. అయిదూ యాభైకి గేటు దగ్గర ఉన్నాను. అప్పుడే వెలుతురు పరుచుకుంటోంది. హద్దురాళ్ళ మీద వరసగా కాకులు. గోడచాటున నిలబడి చూశాను. ఒక మనిషిని దొంగచాటుగా చూడటం నాకు నచ్చలేదు, కానీ అందుకే వచ్చాను.

ఆరూ అయిదుకు మల్లేశం నీళ్ళతో ముఖం కడుక్కుని మీటరు ముందుకు వచ్చాడు. గడియారం చూసుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అయిదు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. చుట్టూ బోర్లించిన క్యాన్లు, వెనక మోటారు శబ్దం. అతన్ని చూసేవాళ్ళెవరూ లేరని అతను అనుకుంటున్న సమయమది. ఆరూ పదికి ముందుకు వంగి, అంకెలు ఒక్కొక్కటే పైకి చదివాడు, ఎదురుగా ఎవరో రాసుకుంటున్నట్టు. ఆ తర్వాత అట్ట తీసుకుని తనే రాసుకున్నాడు.

నేను గోడచాటు నుంచి వచ్చాను. అతను ఉలిక్కిపడలేదు. "కాపల కాస్తున్నరా సారు?" అన్నాడు. తప్పు పట్టలేదు.

"ఎవరికి చదివి వినిపిస్తున్నారు?"

"మేడం రాస్తుండె, నేను చదువుతుంటి. నోటికి అలవాటు." కళ్ళు దించుకున్నాడు. "ఎరుకే సారు. నిన్ననే చెప్పాల్సింది. మీరు మేడం ఇంటి నుంచి వచ్చిననెవరకు నోటికెట్లొస్తె గట్ల అన్న."

చలువగది చూస్తానన్నాను. అతను మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. తలుపు మందంగా ఉంది, లాగితే పెద్దగా ఊపిరి వదిలినట్టు తెరుచుకుంది. బుగ్గ వేశాడు. లోపల ఏమీ లేదు. ఉత్త గది, నాలుగు తెల్ల గోడలు, పైన తిరుగుతున్న ఫ్యాన్లు. ఏమీ లేనిదాన్ని నాలుగు నెలలుగా చల్లగా ఉంచుతున్నారు. నేను లోపలికి నడిచి, ఆమె పట్టి చూసేదన్నాడు కదా అని గోడ మీద అరచెయ్యి ఆనించాను.

అప్పుడు కరెంటు పోయింది. బుగ్గ ఆరింది, ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. రెండు రోజులుగా చెవుల్లో ఉన్న ఆ సన్నటి శబ్దం పోయింది. బయట మల్లేశం జనరేటరు వైపు పరిగెత్తిన అడుగులు వినిపించాయి, తలుపు దానంతటది సగం మూసుకుంది. పక్కన ఎవరో ఉన్నట్టనిపించిందని రాయను. చీకటిగా ఉంది, చల్లగా ఉంది. నేను మాత్రం కదల్లేదు. జనరేటరు అందుకునే దాకా గోడ మీద చెయ్యి తీయలేదు.

బయటికి వచ్చేసరికి తలుపు పక్కన వేడి చూపే ముల్లు ఆరు మీద ఉంది. మల్లేశం దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆ రోజు గడిలో రాసిన నాలుగు కొట్టేసి ఆరు వేశాడు.

"చివరి గడిలో మీ అక్షరం వేయండి," అన్నాను.

"మేడం పేరు తీసేస్తె ఎట్ల సారు?"

"ఆవిడ చూడలే. చూసింది మీరు."

నా నోట ఆ మాట విని తల ఎత్తి చూశాడు. వ.ల. కొట్టేసి, పక్కన మ అని రాశాడు. తలకట్టు పెన్సిలు మొన విరిగేంత గట్టిగా పెట్టాడు. తర్వాత అలమారులోంచి ఒక కవరు తీసి చూపించాడు. ఆమె చేతిరాతలో మా చిరునామా. "ఇగ గిదొక్కటే మిగిలింది. ఆగస్టుల ఎనిమిదిచ్చింది, ఒకటి ఎక్కువుండనీ అన్నది. అయిపోయినంక ఏం జెయ్యాలె?"

ఆ ప్రశ్న అడగడానికి అతను కొన్ని నెలలుగా ఎవరికోసమో చూస్తున్నాడని అర్థమైంది. ఆ మాట చెప్పడానికి నాకేం అధికారం ఉందో తెలియదు.

"నెలాఖరు దాకా రాసి, ఇందులో పెట్టి పంపండి. ఆ తర్వాత ఆపేయండి."

"మేడం చెప్పమన్నదా?"

"అవును," అన్నాను.

అతను తల ఊపాడు. గేటు దాకా వచ్చాడు. "పోయి రాండ్రి సారు," అన్నాడు. నేను, "వస్తాను," అన్నాను. ఎవరైనా అలాగే అంటారు.

తిరిగి వచ్చాక

కిర్‌స్టెన్‌కు అన్నీ రాశాను. చూడలే అన్న మాటకు రెండు అర్థాలూ రాశాను. బుగ్గ సంగతి కూడా రాశాను, నా కారణాలతో సహా. వారానికి జవాబు వచ్చింది. తమ ఫ్యాక్టరీలో తీగ తెగిన రోజున యంత్రమే ఒక అంకెను ఊహించి గడి నింపేస్తుందట. అక్కడి పన్నెండు నెలల కాగితాల్లో ఒక్క ఖాళీ లేదట. చూడని రోజున చూడలేదని రాసిన మనిషిని నమ్ముతానంది. పాలు వచ్చిన పదకొండు నెలలూ వసంత పేరు కిందే నిలబడ్డాయి, పక్కన మల్లేశం పేరు చేరింది. పాలు లేని నెలలను వేరే పట్టికలో పెట్టింది. లీటరుకు ఎంత అన్న గడి ఆ పట్టికలో ఖాళీగా ఉంది. సున్నాతో భాగించలేం కదా అని రాసింది.

చివరి కవరు మే మొదటి వారంలో వచ్చింది. దాన్ని చింపకుండా, అంచు తడిపి విప్పాను. లోపల ముప్ఫై వరసలు, నేను వెళ్ళి వచ్చిన రోజు నుంచి అన్నిటికీ మ.

వర్షాలకు ముందే స్థలానికి గిరాకీ వచ్చిందని అనసూయమ్మ ఫోన్ చేసింది. మిషను విడిగా అమ్ముడుపోయింది. మల్లేశం ఎయిర్‌పోర్టు తోటలో పనికి కుదిరాడు. పాల్మాకులలో ఆరూ పదికి ఇప్పుడు ఎవరూ మీటరు చదవడం లేదు.